భార్యాభర్తలిద్దరిదీ షిఫ్టు డ్యూటీ, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు: తిరుపతి చుట్టుపక్కల ఎక్కడ కాపురం పెట్టాలి?

తమ్ముడూ, ముందు మీ పరిస్థితిని నాకు అర్థమైనట్టు చెప్తాను. మీకు ఏర్పేడు మండలం వికృతమాల దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల ఉద్యోగం. మీ ఆవిడ తిరుపతిలో అలిపిరి రోడ్డు వైపు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పాపకు ఏడేళ్లు, బాబుకు మూడు. తిరుపతి నడిబొడ్డున అద్దె భరించలేక రేణిగుంట, చంద్రగిరి, శ్రీకాళహస్తి, పుత్తూరు, ఈ నాలుగింటిలో ఒకటి తేల్చుకుని, వీలైతే ఈ సంవత్సరమే స్థలం కొనేయాలని ఉంది. మీ అత్తామామలు పాకాలలో ఉంటారు.

నేను బ్యాంకులో ఇళ్ల లోన్లు చూసి రిటైరయ్యాను. ఈ చుట్టుపక్కల బ్రాంచీల్లో పనిచేశాను. చంద్రగిరిలో కాపురం ఉండి ఇద్దరు పిల్లల్ని పెంచాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మీరు అడిగిన నాలుగు ఊళ్లలో లేని జవాబు చెప్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీకు సరిపోయేది తిరుపతికి, రేణిగుంటకు మధ్య ఉన్న మంగళం, కరకంబాడి వైపు. అక్కడ ఒక విద్యా సంవత్సరం అద్దెకు ఉండండి. ఆ వీధిలో ఒక నవంబరు వర్షం చూడందే సెంటు భూమి కూడా కొనకండి. ఎందుకంటున్నానో చెప్తాను.

ఊరు వెతికేవాళ్లు మొదట అడిగేది ఆఫీసు ఎంత దూరం అని. మీ ఇంట్లో అడగాల్సింది వేరే. మధ్యాహ్నం పదకొండున్నరకు స్కూలు నుంచి ఫోన్ వస్తుంది, పాపకు జ్వరం, వాంతి చేసుకుంది, వచ్చి తీసుకెళ్లండి అని. అరగంటలో అక్కడికి చేరేది ఎవరు? ఏ వారంలో ఎవరు? ఈ ప్రశ్నకు 12 నెలలకూ జవాబు ఉన్న ఊరే మీకు సరైన ఊరు. మిగతావన్నీ దాని తర్వాతే.

ఒక పని చేయండి. గోడ క్యాలెండరు తీసుకుని ఒక నెల డ్యూటీలు ఇద్దరివీ రాయండి. మీది ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు అనుకుందాం. ఆవిడది ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, నైట్ అయితే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది. నీలం పెన్నుతో మీవి, ఎర్ర పెన్నుతో ఆవిడవి రాస్తే రెండు రంగులూ ఒకేసారి పడే గంటలు కనిపిస్తాయి. ఆ గంటల్లో ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ లేరన్నమాట. ఇద్దరికీ నైట్ పడే వారం ఒకటి తప్పకుండా తగులుతుంది. ఇక మీది పొద్దున షిఫ్టు, ఆవిడది నైట్ అయిన రోజు చూడండి. మీరు ఐదింటికే ఇల్లు వదలాలి. ఆవిడ డ్యూటీ అప్పగించి ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఈలోపు స్కూలు వ్యాను వచ్చి వెళ్లిపోతుంది. పాపకు జడ వేసి, డబ్బా సర్ది, బాబును లేపి కూర్చోబెట్టేది ఎవరు? ఊరు ఏదైనా ఈ ఖాళీ ఉంటుంది, కానీ మీరు ఎంచుకునే ఊరును బట్టి అది రెండు గంటలు అవుతుందా, నాలుగు గంటలు అవుతుందా అన్నది మారుతుంది.

ఈ లెక్కతో శ్రీకాళహస్తిని చూడండి. ఊరు మంచిదే. అద్దెలు తక్కువ, మీ ఫ్యాక్టరీకి దగ్గర, నాయుడుపేట వైపు రోడ్డు వెడల్పయింది. కానీ ఆవిడకు తిరుపతి దాదాపు 40 కిలోమీటర్లు. రోజుకు 80. నెలకు 25 రోజులు అనుకుంటే 2,000 కిలోమీటర్లు. లీటరుకు 50 ఇచ్చే బండి అయినా 40 లీటర్లు, లీటరు 110 లెక్కన 4,400 రూపాయలు పెట్రోలుకే పోతుంది. అద్దెలో మిగిలిందంతా అక్కడికి సరి. బస్సులో వెళ్తే ఆ ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. నాన్‌స్టాప్ సర్వీసులకు, పక్క రాష్ట్రాలకు వెళ్లే వాటికి అది వర్తించదు, అది గుర్తుంచుకోండి. డబ్బు మిగిలినా టైము మిగలదు. పోను గంటంబావు, రాను గంటంబావు. నెలకు 60 గంటలు పైమాటే. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి ఆ పైన బస్సులో ఇంకో గంట కూర్చుని ఇల్లు చేరి పిల్లల్ని చూసుకోవాలంటే ఎన్నాళ్లు చేయగలదు? ఉద్యోగం మానేద్దామా అన్న మాట ఇలాంటి ఇళ్లలోనే మొదలవుతుంది. లోన్ ఫైళ్ల వెనక ఈ కథ నేను చాలాసార్లు విన్నాను. ఇద్దరి జీతం చూసి లోన్ ఇస్తాం, ఏడాది తిరక్కుండా ఒక జీతం ఆగిపోతుంది. ఆగేది ఎక్కువగా భార్య జీతమే. నర్సు ఉద్యోగం అంత తేలిగ్గా వదులుకునేది కాదు తమ్ముడూ. ఆవిడ డ్యూటీకి దగ్గరగా ఇల్లు ఉండటాన్ని ఆవిడకు చేసే సాయంలా చూడకండి. మీ ఇంటి ఆదాయానికి అదే కాపుదల.

పుత్తూరు గురించి ఎక్కువ రాయను. చెన్నై రైలు మార్గంలో ఉంది కాబట్టి తిరుత్తణి, అరక్కోణం వైపు పనిచేసేవాళ్లకు బాగుంటుంది. మీ ఇద్దరి ఉద్యోగాలకూ అది దారిలో లేదు. చిత్తూరు అసలు అడగలేదు కానీ మీలాంటివాళ్లు కొందరు అడుగుతుంటారు. తిరుపతికి 70 కిలోమీటర్లు, రోడ్డు బ్రహ్మాండంగా ఉంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గర. ఉద్యోగం చిత్తూరులోనే ఉన్నవాళ్లకు పిల్లల్ని పెంచుకోవడానికి నిమ్మళమైన ఊరు. తిరుపతిలో షిఫ్టు డ్యూటీ చేస్తూ అక్కడ ఉండటం మాత్రం అయ్యే పని కాదు.

చంద్రగిరి నాకు సొంత ఊరు లాంటిది. పిల్లలకు కోట ఉంది, ఖాళీ జాగా ఉంది, తిరుపతికి 15 కిలోమీటర్ల లోపే, బస్సులకు కొదవ లేదు. పాకాల నుంచి మీ అత్తామామలు గంటలోపే వచ్చేయగలరు. మీ ఉద్యోగం తిరుపతికి పడమటి వైపు, రంగంపేట కాలేజీల్లోనో యూనివర్సిటీల్లోనో ఉండుంటే కళ్లు మూసుకుని చంద్రగిరి అనేదాన్ని. మీరు వెళ్లాల్సింది తూర్పుకు. తొండవాడ దగ్గర బైపాస్ ఎక్కి, తనపల్లి మీదుగా ఊరంతా చుట్టి, రేణిగుంట దాటి వికృతమాల చేరాలి. పగలైతే ఫరవాలేదు. రాత్రి పదింటికి షిఫ్టు దిగి ఆ హైవే మీద బండి నడపడమే నాకు భయం. ఇంకొకటి, ఈ రోడ్ల మీద తెల్లవారుజామున నడిచే కార్లలో చాలావరకు కొండకు వచ్చేవే. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో రాత్రంతా నిద్ర లేకుండా నడుపుకుంటూ వచ్చినవాళ్లు, దర్శనం టైము దాటిపోతుందన్న టెన్షన్‌లో ఉంటారు. మీరు నాలుగున్నరకు, ఐదింటికి బండి తీసేది సరిగ్గా ఆ వేళకే. కంపెనీ బస్సు మీ వీధి చివరికి వచ్చే చోటే ఇల్లు చూసుకోండి అని గట్టిగా చెప్పేది అందుకే. హెచ్‌ఆర్ వాళ్లను అడిగి అన్ని షిఫ్టుల బస్సు రూట్లూ కాగితం మీద రాయించుకోండి. పొద్దున షిఫ్టుకు వచ్చే బస్సు రాత్రి షిఫ్టుకు అదే దారిలో వస్తుందని అనుకోవద్దు.

రైలు మీద ఆధారపడే ఆలోచన ఉంటే ఇప్పటికి మానుకోండి. తిరుపతి, పాకాల, కాట్పాడి లైను సింగిల్ లైను. 104 కిలోమీటర్లు డబ్లింగ్ చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది, ఖర్చు 1,332 కోట్లు. అది పూర్తయిన రోజున చంద్రగిరి, పాకాల లెక్కే మారిపోతుంది. అప్పటిదాకా ఒక బండి వెళ్లాలంటే ఎదురు బండి స్టేషన్‌లో ఆగి ఉండాల్సిందే. ఆఫీసులో పది నిమిషాలు ఆలస్యమైతే సర్దుకుంటారు. వార్డులో డ్యూటీ అప్పగించడానికి ఎదురుచూస్తున్న ఇంకో నర్సు ఉంటుంది, ఆమె ఇంట్లోనూ పిల్లలు ఉంటారు.

ఇక మిగిలింది రేణిగుంట వైపు. మ్యాపులో చూస్తే మీ ఇద్దరి ఉద్యోగాలకు సరిగ్గా మధ్యలో ఉన్న ఊరు అదే. తిరుపతికి 10 కిలోమీటర్లు. మీకు దగ్గర, ఆవిడకూ దగ్గరే. అయినా టౌను లోపల, స్టేషన్ చుట్టుపక్కల కాపురం పెట్టమని చెప్పను. జంక్షన్ ఊరు, రాత్రింబవళ్లు రాకపోకలు. లారీల రద్దీ ఎక్కువ. గాజులమండ్యం వైపు ఫ్యాక్టరీలు. చిన్నపిల్ల సైకిల్ నేర్చుకునే వీధులు తక్కువ. రేణిగుంట నుంచి కరకంబాడి మీదుగా మంగళం, అక్కడి నుంచి లీలామహల్ సర్కిల్ వచ్చే దారిని చూడండి. ఆవిడ డ్యూటీ అలిపిరి రోడ్డు వైపు కాబట్టి, మంగళం నుంచి వస్తే తిరుపతి ఊళ్లో రైలు పట్టాలు దాటే పని ఉండదు. ఊరు తెలియనివాళ్లకు ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. తిరుపతిని పట్టాలు రెండు ముక్కలు చేశాయి. 2023లో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మొత్తం తెరిచాక బాగా తేలికైంది, నిజమే. కానీ గట్టి వాన పడిన రోజు వెస్ట్ చర్చి దగ్గర అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచాయంటే అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. గరుడసేవ రోజు, వైకుంఠ ఏకాదశి ముందురోజు కూడా అంతే, రోడ్లన్నీ మళ్లింపులే. ఇల్లు, స్కూలు, కనీసం తల్లి ఉద్యోగం పట్టాలకు ఒకే వైపు ఉండాలి. మీ క్యాలెండరు పక్కన ఇది రాసిపెట్టుకోండి.

అటువైపు ఇబ్బందులు లేవని కాదు. కొండ కిందనే ఉంటుంది ఆ దారంతా. ఎస్వీ యూనివర్సిటీ, అలిపిరి చుట్టుపక్కల చిరుతలు తిరుగుతున్న వార్తలు మీరూ చూస్తూనే ఉంటారు. 2023 ఆగస్టులో నడకదారిలో ఆరేళ్ల పాప పోయింది. అడవి అంచున ఆఖరి వరుస ఇల్లు ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. మధ్య వీధుల్లో, లైట్లు వెలిగే చోట, చుట్టూ మనుషులున్న ఇల్లు చూసుకోండి. చంద్రగిరి వైపూ ఈ సమస్య ఉంది, అక్కడ అడవి పక్క పల్లెల్లో ఏనుగులు పొలాల్లోకి దిగుతున్నాయి. ఊరి లోపల ఉన్నవాళ్లకు భయం లేదు, అంచున ఉన్నవాళ్లకు ఉంది.

నీళ్లు ఎక్కడివో అడగండి. తిరుపతికి కళ్యాణి డ్యామ్, తెలుగుగంగ ఆధారం. కార్పొరేషన్ హద్దు దాటి పంచాయతీలోకి వెళ్తే వీధికో లెక్క. మున్సిపల్ కుళాయి ఉందా, బోరు ఒక్కటేనా, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు తెప్పించుకున్నారా అని ఓనరును అడగొద్దు, ఎదురింటి ఆవిడను అడగండి. బకెట్ అడుగున తెల్లగా పేరుకుందేమో చూస్తే బోరు నీళ్ల సంగతి మీకే తెలిసిపోతుంది.

నవంబరు వర్షం చూడమన్నాను కదా. మన దగ్గర అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. స్థలాలు అమ్మేవాళ్లు చూపించేది ఎండాకాలంలో. 2021 నవంబరులో ఏమైందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, స్వర్ణముఖి ఒడ్డున ఇళ్లు కూలాయి, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకు లీకు పడితే కింద పల్లెల్ని ఖాళీ చేయించారు. ఆ తర్వాత నా దగ్గరికి ఒక లోన్ ఫైలు వచ్చింది. తిరుపతి శివారులో లేఅవుట్, రంగుల బ్రోచర్, తారు రోడ్లు, వీధిలైట్లు, చిన్న పార్కు. కాగితాలన్నీ వరుసగా ఉన్నాయి. సర్వే నంబరు ఎఫ్ఎంబీ స్కెచ్, అంటే సర్వే వాళ్లు గీసిన పొలం కొలతల పటం, తెప్పించి చూస్తే, దాని మీద రెండు సన్నటి గీతలు పక్కపక్కనే వంకర తిరుగుతూ పోతున్నాయి. వంక అది. పైన చెరువు నుంచి కింది చెరువుకు నీళ్లు పోయే దారి. బ్రోచర్ మ్యాపును పక్కన పెట్టి కొలిస్తే ఆ గీతలు పార్కు మీదుగా, మూడో వీధి మీదుగా, లోన్ అడిగిన పిల్లాడు అడ్వాన్సు కట్టిన ప్లాటు మీదుగా పోతున్నాయి. నేల మీద వంక ఆనవాలే లేదు, మట్టి తోలి చదును చేసేశారు. లోన్ ఇవ్వలేదు. ఆ అబ్బాయి కొన్నాళ్లు నా మీద కోపంగానే ఉన్నాడు. తర్వాత వచ్చిన వానాకాలంలో ఆ వీధి ఫొటో పంపాడు, మోకాటి లోతు ఎర్రనీళ్లు.

కాబట్టి స్థలం కొనే రోజు వచ్చినప్పుడు తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) అప్రూవల్ నంబరు అడగడంతో ఆపకండి. ఎఫ్ఎంబీ, గ్రామ నక్షా తీయించి వంక, చెరువు, దారి ఎక్కడున్నాయో సర్వేయరుతో గుర్తు పెట్టించండి. ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, కనీసం 30 ఏళ్లకు తీయండి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఏ నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు ఉందేమో చూడండి. డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు ఇచ్చింది) అయితే 1977 అసైన్డ్ భూముల చట్టం కింద వస్తుంది. 2023 సవరణ తర్వాత 20 ఏళ్లు దాటిన వాటిని అసలు పట్టాదారు అమ్ముకోవచ్చు అని ఏజెంట్లు అంటారు. చట్టంలో ఆ మాట ఉంది కానీ, మీకు అమ్ముతున్నది ఆ అసలు పట్టాదారేనా, ఇచ్చిన తేదీ ఏది, జాబితా నుంచి ఆ నంబరు తీసేశారా అన్నవి కాగితం మీద కనపడాలి. తిరుపతిలో హథీరాంజీ మఠం భూముల గొడవ తరాలుగా ఉంది, ఆ సర్వే నంబర్ల దరిదాపుల్లోకి వెళ్లకండి. చవకగా వస్తోందంటే దానికి కారణం ఉంటుంది. ఇంకొకటి, ఇక్కడ ధర అంకణాల్లో చెప్తారు. తిరుపతి చుట్టుపక్కల అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 72. నాయుడుపేట, సూళ్లూరుపేట 2022లో మన జిల్లాలో కలిశాక రెండు లెక్కలూ పక్కపక్కనే నడుస్తున్నాయి. అగ్రిమెంటులో చదరపు అడుగులు, గజాలే రాయించుకోండి.

స్కూలు విషయానికి వస్తే, పేరు కన్నా దూరం చూడండి. పాప రెండో తరగతి. ఈ వయసులో పావుగంటలో ఇల్లు చేరే స్కూలు, నలభై నిమిషాలు వ్యానులో కుదిపే పెద్ద స్కూలు కన్నా మేలు. నా పిల్లల విషయంలో నేను పాటించింది ఇదే. ఆరో తరగతి తర్వాత పేరు చూసుకోవచ్చు, అప్పటికి పిల్ల బస్సెక్కి రాగలదు. కరకంబాడి, మంగళం మధ్య స్కూళ్లు చూసేటప్పుడు సాయంత్రం వదిలే టైముకు వెళ్లి గేటు దగ్గర నిలబడండి. వ్యానులో ఎంతమందిని ఎక్కిస్తున్నారు, ఆయమ్మ ఉందా, చిన్నపిల్లల్ని రోడ్డు దాటించేది ఎవరు, ఇవి కళ్లతో చూడాలి. తర్వాత ఇల్లు చూసిన వీధిలో సాయంత్రం ఆరింటికి ఓసారి నడవండి. అరుగుల మీద ఆడవాళ్లు కూర్చుని, వీధిలో పిల్లలు ఆడుకుంటూ ఉంటే ఆ ఇల్లు రెండు వేలు ఎక్కువైనా తీసుకోండి. మీకిద్దరికీ నైట్ పడిన వారం మీ పిల్లలకు అన్నం పెట్టారా అని అడిగేది ఆ అరుగు మీది మనుషులే.

చివరిగా అత్తామామల సంగతి. పాకాల దగ్గరే కదా, పిలిస్తే వస్తారు అని లెక్క వేయకండి. రాత్రి ఎనిమిదింటికి పిలిస్తే 40 కిలోమీటర్లు పెద్దవాళ్లు ఎలా వస్తారు? ఆవిడ నైట్ డ్యూటీ చార్టు రాగానే ఆ తేదీలు వాళ్లకు చెప్పి, ఆ వారం మొత్తం మీ దగ్గరే ఉండేలా మాట్లాడుకోండి. అందుకు వాళ్లకంటూ ఒక గది, మోకాళ్ల నొప్పులుంటే కింది పోర్షన్, వెస్ట్రన్ టాయిలెట్ కావాలి. అద్దె ఇల్లు వెతికేటప్పుడు మీరిద్దరే వెళ్లకుండా అత్తగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. మెట్లు ఎక్కి చూసేది, వంటింట్లో నిలబడి చూసేది ఆమే. స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు. ఫిబ్రవరి, మార్చిలోనే స్కూలు తేల్చుకుంటే దాని చుట్టూ ఇల్లు వెతకడానికి మీకు రెండు నెలలు చేతిలో ఉంటాయి. అడ్వాన్సు ఇచ్చే ముందు కంపెనీ బస్సు రూటు కాగితం ఇంకోసారి తీసి చూసుకోండి.